అరువు ఇంజిన్ల అరవై ఏళ్లు

ఇస్రో సమాచార ఉపగ్రహాలకు అడుగున ఒక చిన్న ఇంజిన్ ఉంటుంది. పూర్తి పేరు లిక్విడ్ అపోజీ మోటార్, వాడుకలో లామ్. దాని బలం 440 న్యూటన్లు. భూమ్మీద అయితే పూర్తిగా నిండని బియ్యం బస్తా ఒకదాన్ని ఎత్తి పట్టుకోగలదు, అంతే. దాన్ని చంద్రుడి కోసం చెయ్యలేదు, అంగారకుడి కోసం అంతకన్నా చెయ్యలేదు. టీవీ ప్రసారాలకు, టెలిఫోన్లకు, వాతావరణ చిత్రాలకు పనికొచ్చే ఇన్‌శాట్‌లను 36,000 కిలోమీటర్ల ఎత్తున కుదురుగా నిలబెట్టడానికి చేశారు. ఆ పని కూడా కొద్ది రోజులదే. రాకెట్టు ఉపగ్రహాన్ని ఒక పక్క భూమికి దగ్గరగా, మరో పక్క చాలా దూరంగా ఉండే సాగిన కక్ష్యలో వదిలిపెడుతుంది. లామ్ రెండు మూడు విడతలుగా మండి ఆ కక్ష్యను గుండ్రం చేస్తుంది. తర్వాత దానికి వెళ్లే గొట్టాలను శాశ్వతంగా మూసేస్తారు. ఉపగ్రహం పదీ పదిహేనేళ్లు బతుకుతుంది. ఇంజిన్ బతుకు మాత్రం మొదటి వారం పది రోజుల్లో ముగిసిపోతుంది.

అలాంటి ఇంజిన్ 2008లో చంద్రయాన్-1ను చంద్రుడి చుట్టూ తిప్పింది. 2014లో మంగళయాన్‌ను అంగారక కక్ష్యలో పెట్టింది. 2024 జనవరిలో ఆదిత్య-ఎల్1ను భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని మజిలీకి చేర్చడంలోనూ పాలుపంచుకుంది. ఇప్పుడు మనుషులెక్కే గగన్‌యాన్‌లోకీ ప్రవేశిస్తోంది. ఒక పని కోసం పుట్టిన ఇంజిన్‌ను ఇంకో పనికి మళ్లించే ఈ అలవాటు ఇస్రోతో మొదలు కాలేదు, ఇస్రోతో ఆగేదీ కాదు. దీని వెనక దాదాపు అరవై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో విజయాల గురించి ఊరూవాడా చెప్పుకున్నారు. పరాజయాల మీద కమిటీలు నివేదికలు రాశాయి. నన్నడిగితే ఆ నివేదికల్లోనే అసలు సరుకు ఉంది.

కథ 1960ల అమెరికాలో మొదలవుతుంది. అపోలో నౌకలు అంతరిక్షంలో అటూ ఇటూ తిరగడానికి, ఒరగడానికి కాలిఫోర్నియాలోని మార్క్వార్ట్ అనే కంపెనీ ఒక చిన్న ఇంజిన్ తయారు చేసింది. పేరు ఆర్-4డి. బలంలో మన లామ్‌కు సమఉజ్జీ. సర్వీస్ మాడ్యూల్ మీద 16, చంద్రుడి మీద దిగే లూనార్ మాడ్యూల్ మీద మరో 16 అమర్చారు. ఇందులో ఇంధనం, ఆక్సిడైజర్ ఒకదాన్నొకటి తాకితే చాలు, నిప్పంటుకుంటుంది. అగ్గిపుల్ల అవసరం లేదు, స్పార్కు ప్లగ్గు అవసరం లేదు. పాడయ్యే భాగాలు తక్కువ కాబట్టే ఈ తరహా ఇంజిన్ ఇన్నేళ్లుగా చలామణీలో ఉంది.

అపోలో మనుషులను మోయడానికి రెండేళ్ల ముందే, 1966 ఆగస్టులో బయల్దేరిన లూనార్ ఆర్బిటర్ అనే మానవరహిత నౌకకు ఇదే ఇంజిన్‌ను ప్రధాన ఇంజిన్‌గా పెట్టారు. అపోలోలో పెద్ద నౌకను కొద్దికొద్దిగా సర్దే సహాయకుడు, ఇక్కడికొచ్చేసరికి నౌక మొత్తానికి పెద్దదిక్కయ్యాడు. 1966, 67 సంవత్సరాల్లో ఐదు లూనార్ ఆర్బిటర్లు వెళ్లాయి. ఐదూ పనిచేశాయి. అపోలో ఎక్కడ దిగాలో తేల్చుకోవడానికి కావలసిన చిత్రాలు వాటి నుంచే వచ్చాయి. అపోలో తన ఇంజిన్‌ను అరువిచ్చి, బదులుగా తన దారి పటం తెచ్చుకుందన్నమాట.

ఆ తర్వాత ఆర్-4డి భూస్థిర ఉపగ్రహాలకు అపోజీ ఇంజిన్‌గా స్థిరపడింది. కంపెనీ చేతులు మారింది, ఇంజిన్ మారలేదు. 1997లో బయల్దేరిన కాసినికి రెండు ఆర్-4డిలు అమర్చారు. ఒకటి పనికి, ఒకటి ఆపద్ధర్మానికి. 2004 జూలై 1న శనిగ్రహ కక్ష్యలో పడటానికి వాటిలో ఒకటి గంటన్నరకు పైగా ఏకబిగిన మండింది. 2022 నవంబరులో బయల్దేరి చంద్రుణ్ణి చుట్టివచ్చిన ఒరాయన్ నౌకకు సహాయక ఇంజిన్లు ఎనిమిది ఉన్నాయి. అవీ ఈ వంశంలోనివే. ఆ ఒరాయన్ ప్రధాన ఇంజిన్ చరిత్ర ఇంకా చిత్రం. అది 1984 నుంచి 2002 వరకు స్పేస్ షటిల్‌లో 19 సార్లు అంతరిక్షానికి వెళ్లొచ్చిన పాత ఇంజిన్. దుమ్ము దులిపి, పరీక్షించి మళ్లీ బిగించారు.

కొత్తది చేసుకోకుండా ఇంజినీర్లు పాతదాని వెంట ఎందుకు పడతారు? డబ్బు ఒక కారణమే కానీ, దానికన్నా పెద్ద కారణం కాలం. కొత్త థ్రస్టర్‌ను కాగితం మీద గీయడం సులువు. దాని వేడిని లోహం ఎన్నిసార్లు తట్టుకుంటుంది, ఎన్ని వేల సార్లు వాల్వు తెరుచుకుని మూసుకుంటుంది, శూన్యంలో మంట ఎలా ప్రవర్తిస్తుంది అన్నవి తేల్చడానికే ఏళ్లు పడుతుంది. ఎగిరిన ఇంజిన్‌కు ఆ లెక్కలన్నీ దస్త్రంలో ఉంటాయి. వాళ్లు నిజానికి అరువు తెచ్చుకునేది ఆ దస్త్రాన్నే. చిక్కంతా అక్కడే ఉంది. దస్త్రంలో ఉన్న ప్రతి అంకె పాత ప్రయాణానికి సంబంధించింది.

ఈ చిక్కు ఎంత ఖరీదైనదో 1993లో తెలిసింది.

1980లలో నాసాకు ఒక ఆలోచన వచ్చింది. గ్రహాలకు వెళ్లే నౌకలను ప్రతిసారీ మొదట్నుంచీ రూపొందించడం తలకు మించిన ఖర్చు. భూమి చుట్టూ తిరిగే సమాచార, వాతావరణ ఉపగ్రహాలు ఎలాగూ తయారవుతూనే ఉన్నాయి. వాటి చట్రాన్ని, ఎలక్ట్రానిక్స్‌ను, ఇంజిన్ వ్యవస్థను తీసుకుని కొద్దిపాటి మార్పులతో గ్రహాలకు పంపితే సరిపోతుంది కదా అనుకున్నారు. అలా తయారైందే మార్స్ అబ్జర్వర్. 1992 సెప్టెంబరు 25న బయల్దేరింది. 11 నెలలు నిక్షేపంగా ప్రయాణించింది. 1993 ఆగస్టు 21న, అంగారక కక్ష్యలోకి ప్రవేశించడానికి సరిగ్గా మూడు రోజుల ముందు, ఇంధన ట్యాంకుల్లో పీడనం పెంచే సమయంలో మూగబోయింది. మళ్లీ పలకలేదు. దాదాపు 81 కోట్ల డాలర్ల ప్రాజెక్టు అది.

ఏం జరిగి ఉంటుందో అర్థం కావాలంటే ఇంజిన్ వెనకనున్న గొట్టాల్లోకి తొంగిచూడాలి. ఇంధనం ఒక ట్యాంకులో, ఆక్సిడైజర్ ఇంకో ట్యాంకులో ఉంటాయి. రెంటినీ ఇంజిన్ వైపు నెట్టేది హీలియం వాయువు. ఆ హీలియం ఒకే సీసా నుంచి వచ్చి రెండు పాయలుగా చీలి రెండు ట్యాంకులకూ వెళుతుంది. అంటే తాకితే మండే రెండు ద్రవాలకు వెనక వైపున ఒక ఉమ్మడి దారి ఉంది. అవి ఆ దారిన వెనక్కి పాకి కలుసుకోకుండా చెక్ వాల్వులు కాపలా కాస్తాయి. భూస్థిర ఉపగ్రహంలో ఈ ఏర్పాటుకు ఢోకా లేదు. ప్రయోగించిన కొద్ది రోజుల్లోనే పీడనం ఎక్కించి, ఇంజిన్ మండించి, పని ముగిస్తారు. వాల్వు కాపలా కాయాల్సింది రోజుల తరబడి మాత్రమే.

మార్స్ అబ్జర్వర్‌లో అదే వాల్వు 11 నెలలు కాపలా కాయాల్సి వచ్చింది. పీడనాన్ని నియంత్రించే రెగ్యులేటర్ దారిలో లీకవుతుందేమోనన్న భయంతో, ట్యాంకులకు పీడనం ఎక్కించే పనిని అంగారకుడి దగ్గరికి చేరేదాకా వాయిదా వేశారు. జాగ్రత్త కోసం చేసిన పనే అది. ఈలోగా ఆక్సిడైజర్ ఆవిరి చెక్ వాల్వుల సందుల్లోంచి కొంచెం కొంచెంగా వెనక్కి జారి, చల్లని గొట్టాల్లో మళ్లీ ద్రవంగా పేరుకుని ఉండవచ్చు. హీలియం ఒక్కసారిగా దూసుకొచ్చినప్పుడు ఆ ద్రవాన్ని తోసుకుంటూ పోయి ఇంధనంతో కలిపి ఉండవచ్చు. గొట్టం పగిలి, నౌక గిరగిరా తిరిగి ఉండవచ్చు. ఇవన్నీ ‘ఉండవచ్చు’లే. ఎందుకంటే పీడనం పెంచే సమయంలో ట్రాన్స్‌మిటర్‌ను ముందుజాగ్రత్తగా ఆపేశారు, ఆఖరి క్షణాల సమాచారం ఎవరి దగ్గరా లేదు. అమెరికా నౌకాదళ పరిశోధనశాలకు చెందిన టిమోతీ కాఫీ నాయకత్వంలోని విచారణ బృందం, అన్నిటికన్నా బలమైన అవకాశం ఇదేనని 1994 జనవరిలో తేల్చింది. భూకక్ష్య కోసం చేసిన సామగ్రి మీద, పద్ధతుల మీద మితిమీరి ఆధారపడ్డారని కూడా మొహమాటం లేకుండా రాసింది. ఇంజిన్‌లో తప్పులేదు. వాల్వులో కూడా, దాన్ని చేసిన పనికి, తప్పులేదు. దాని చేత చెయ్యని పని చేయించారు.

ఈ చెక్ వాల్వుల పీడ ఆ తర్వాతా వదల్లేదు. జపాన్ అకాట్సుకి 2010 డిసెంబరు 7న శుక్రగ్రహ కక్ష్యలో పడాల్సింది. ఇంధనం వైపు చెక్ వాల్వు దగ్గర రెండు ద్రవాల ఆవిర్లు కలిసి ఉప్పులాంటి పదార్థంగా గడ్డకట్టాయి. ఇంధనం సరిగా అందక ఇంజిన్ విపరీతంగా వేడెక్కి దెబ్బతింది. నౌక శుక్రుణ్ణి దాటిపోయింది. అక్కడితో అయిపోయిందనుకున్నారంతా. జపాన్ వాళ్లు పనికిరాకుండా పోయిన ఆక్సిడైజర్‌ను అంతరిక్షంలోకి పారబోసి నౌక బరువు తగ్గించుకున్నారు. ఐదేళ్లు సూర్యుడి చుట్టూ తిరిగి, సరిగ్గా 2015 డిసెంబరు 7న, నౌకను ఒరగదిప్పడానికి పెట్టిన నాలుగు బుల్లి థ్రస్టర్లను 20 నిమిషాలు మండించి శుక్రుడి కక్ష్యలో పడ్డారు. అరువు ఇంజిన్ల చరిత్రలో ఇంత అందమైన ఘట్టం ఇంకోటి లేదు. ఇక్కడ ఇంజిన్‌ను ఒక నౌక నుంచి ఇంకో నౌకకు మార్చలేదు, ఒకే నౌకలో ఒక ఉద్యోగం నుంచి ఇంకో ఉద్యోగానికి బదిలీ చేశారు.

నాసా జూనో 2016 జూలైలో గురుగ్రహాన్ని చేరింది. బ్రిటన్‌లోని వెస్ట్‌కాట్‌లో తయారయ్యే లీరోస్ జాతి ఇంజిన్ దానికి 35 నిమిషాలు మండింది. అక్టోబరులో మళ్లీ మండించి కక్ష్యను చిన్నది చేయాలని పథకం. అంతలో రెండు హీలియం చెక్ వాల్వులు క్షణాల్లో తెరుచుకోవాల్సింది పోయి నిమిషాలు తీసుకున్నాయి. మార్స్ అబ్జర్వర్ చేదు అనుభవం ఉన్నవాళ్లు కాబట్టి సాహసం చెయ్యలేదు. ఇంజిన్ జోలికి పోకుండా 53 రోజుల పొడవాటి కక్ష్యతోనే సరిపెట్టుకుని శాస్త్ర పరిశోధనలు కానిచ్చారు. 2024 జనవరిలో అమెరికా ప్రైవేటు ల్యాండర్ పెరెగ్రిన్ విషయంలో ఆ అదృష్టం కూడా దక్కలేదు. హీలియం వాల్వు ఒకటి సరిగా మూసుకోక ఆక్సిడైజర్ ట్యాంకు పగిలింది.

ఇక మన ఇంటి కథ.

భారతదేశం భూస్థిర కక్ష్యకు పంపిన మొదటి సమాచార ఉపగ్రహం యాపిల్. 1981 జూన్ 19న ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి ఏరియాన్ రాకెట్టు మీద వెళ్లింది. ఎడ్లబండి మీద ఉన్న ఉపగ్రహం ఫొటో చాలామందికి గుర్తుండే ఉంటుంది, అదే ఇది. దాన్ని కక్ష్యలో నిలబెట్టిన మోటారు గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. అది శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్టు నాలుగో దశ నుంచి వచ్చింది. ఆ నాలుగో దశను ఒకప్పుడు ఫ్రాన్స్ వారి డయామాంట్ రాకెట్టుకు కూడా సరిపోయేలా పెంచి రూపొందించారని, తీరా డయామాంట్ కార్యక్రమమే రద్దయిందని అబ్దుల్ కలాం తన ఆత్మకథలో రాసుకున్నారు. విదేశీ రాకెట్టు కోసం పెంచిన దశ చివరికి స్వదేశీ ఉపగ్రహానికి దక్కింది.

అయితే అది ఘన ఇంధన మోటారు. ఒకసారి వెలిగిస్తే చివరిదాకా మండాల్సిందే. ఆపి, చూసుకుని, మళ్లీ వెలిగించే వీలు లేదు. ఇన్‌శాట్-1 ఉపగ్రహాలను అమెరికాలో ఫోర్డ్ ఏరోస్పేస్ చేసిపెట్టింది. ఇన్‌శాట్-2 తరాన్ని మనమే చేసుకోవాలనుకున్నప్పుడు ద్రవ ఇంధన ఇంజిన్ అవసరమైంది. ఇస్రో ద్రవ చోదక వ్యవస్థల కేంద్రం లామ్‌ను సిద్ధం చేసింది. 1992 జూలైలో ఇన్‌శాట్-2ఏతో అది ఎగిరింది. మంట గది గోడలు నియోబియం మిశ్రలోహం. ఎర్రగా కాలి, ఆ వేడిని శూన్యంలోకి తనే వెదజల్లుకుని చల్లబడుతుంది. నియోబియం శుద్ధి హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ విద్య. ట్యాంకులకు కావలసిన టైటానియం మిశ్రలోహాలు అదే ఊళ్లోని మిధాని విద్య. తెలుగు పత్రికల్లో రాకెట్టు ఎగిరిన రోజు శ్రీహరికోట పేరు వస్తుంది, ఈ రెండు కర్మాగారాల పేర్లు ఏ రోజూ రావు.

పదేళ్లు ఇన్‌శాట్‌లతో గడిపాక లామ్‌కు కొత్త దారి దొరికింది. 2002 సెప్టెంబరులో పీఎస్‌ఎల్‌వీ మీద వెళ్లిన వాతావరణ ఉపగ్రహం, తర్వాత కల్పనా చావ్లా పేరు పెట్టుకున్న కల్పన-1, చిన్నది, తేలికది. ఆ చట్రాన్నే ఆధారం చేసుకుని చంద్రయాన్-1ను కట్టారు. 2008 అక్టోబరు 22న ప్రయోగం. లామ్ విడతలవారీగా మండి కక్ష్యను పెంచుకుంటూ పోయింది. నవంబరు 8న 817 సెకన్లు మండి నౌకను చంద్రుడికి అప్పగించింది. ఇదంతా మూడు వారాల లోపే జరిగిపోయింది. అంటే ఇంజిన్‌కు దూరం పెరిగింది కానీ, కాలం దాని పాత అలవాటుకు మరీ దూరం పోలేదు. చంద్రయాన్-1లో లామ్ విజయం గొప్పదే. అయినా అది ఇంజిన్‌కు పెట్టిన అసలు పరీక్ష కాదు.

అసలు పరీక్ష మంగళయాన్. 2012 ఆగస్టులో ప్రకటించి 2013 నవంబరు 5కల్లా ఎగరేశారు. 2010లో జీఎస్‌ఎల్‌వీ రెండుసార్లు విఫలమైంది కాబట్టి, పెద్ద రాకెట్టు మీద ఆశ పెట్టుకోకుండా పీఎస్‌ఎల్‌వీతోనే పని కానివ్వాల్సి వచ్చింది. పీఎస్‌ఎల్‌వీ నౌకను భూమి చుట్టూ ఒక సాగిన కక్ష్య దాకా మాత్రమే మోయగలదు. అక్కణ్ణుంచి అంగారకుడి దారి పట్టించే పని, మామూలుగా అయితే రాకెట్టు పైదశ చేసే పని, లామ్ నెత్తిన పడింది. నౌక బరువు 1,337 కిలోలైతే అందులో 852 కిలోలు ఇంధనం, ఆక్సిడైజరే. నౌకలో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ భాగం లామ్ మేతే అన్నమాట. 450 కోట్లకే అంగారకుడికి వెళ్లామని మనం మురిసిపోయాం. ఆ చవకదనం గొప్ప పథకమేమీ కాదు, ఉన్నదాంతో సర్దుకోక తప్పని పరిస్థితి. నేను మెచ్చుకునేది వేరే విషయం.

ఇస్రో ఇంజినీర్లకు మార్స్ అబ్జర్వర్ గతి తెలుసు. లామ్ డిసెంబరు 1న మండి నౌకను భూమి పట్టు నుంచి విడిపించాక, దాదాపు 300 రోజులు నిద్రపోయి, తర్వాత ఒకేసారి లేచి పనిచేయాలి. అన్ని రోజులు పడుకుని లేచిన అనుభవం దానికి లేదు. అందుకే ఇంజిన్‌ను ముట్టుకోకుండా దాని చుట్టూ మార్పులు చేశారు. అదనపు గొట్టాల దారులు, అదనపు వాల్వులు పెట్టారు. భూమి దగ్గర వాడిన దారి సుదీర్ఘ ప్రయాణంలో మొరాయించినా అంగారకుడి దగ్గర ఇంకో దారి సిద్ధంగా ఉండేలా చూసుకున్నారు. లామ్ అసలే లేవకపోతే, 22 న్యూటన్ల చిన్న థ్రస్టర్లు ఎనిమిదింటినీ కలిపి ఎక్కువసేపు మండించే మరో పథకం కూడా పక్కన పెట్టుకున్నారు. అరువు తెచ్చిన వస్తువును నమ్మాలి, కానీ ఎంతవరకు నమ్మాలో తెలిసి నమ్మాలి. వాళ్లకు తెలిసింది.

అయినా ఒక కొత్త సంగతి బయటపడింది. ఇంజిన్‌కు ద్రవాన్ని వదిలే వాల్వులకు రెండేసి విద్యుత్ కాయిల్స్ ఉంటాయి. ఒకటి అసలుది, ఒకటి తోడుది. 2013 నవంబరు 11 తెల్లవారుజామున నాలుగోసారి కక్ష్య పెంచుతున్నప్పుడు రెంటికీ ఒకేసారి కరెంటిచ్చి చూశారు. ఇంజిన్‌కు ద్రవం వెళ్లడం ఆగిపోయింది. సెకనుకు 130 మీటర్ల వేగం పెరగాల్సింది 35 మీటర్ల దగ్గర నిలిచింది. మర్నాడు మరోసారి మండించి ఆ లోటు పూడ్చారు. విడివిడిగా బాగా పనిచేసిన రెండు కాయిల్స్ కలిపితే పనిచెయ్యవని ఏ దస్త్రంలోనూ లేదు. ఆ పరీక్ష భూమి చెంతనే జరగడం మన అదృష్టం. అదే అంగారకుడి గుమ్మంలో జరిగి ఉంటే మర్నాడు అనే మాటే ఉండేది కాదు.

2014 సెప్టెంబరు 22న లామ్‌ను నాలుగు సెకన్లపాటు వెలిగించి చూశారు. లేచింది. రెండు రోజుల తర్వాత, సెప్టెంబరు 24 ఉదయం 7 గంటల 17 నిమిషాలకు మొదలుపెట్టి 1,388 సెకన్లు మండించారు. తొలి ప్రయత్నంలోనే అంగారక కక్ష్య. ఆ రోజు టీవీల్లో చీరలు కట్టుకున్న శాస్త్రవేత్తల చప్పట్లను దేశమంతా చూసింది. ఆ నాలుగు సెకన్ల సంగతి చాలామందికి తెలియదు.

లామ్ వంశంలో తర్వాతి బిడ్డ విక్రమ్ ల్యాండర్ ఇంజిన్. 440 న్యూటన్ల లామ్ నుంచి 800 న్యూటన్ల ఇంజిన్ తీశారు. బలం పెంచడం కాదు కష్టం. చంద్రుడి మీద దిగేటప్పుడు బలాన్ని హెచ్చించుకుంటూ, తగ్గించుకుంటూ రావాలి. లామ్‌కు ఆ అలవాటు లేదు. అది వెలిగితే నిండుగా వెలుగుతుంది, లేకపోతే ఆరిపోతుంది. ఈ సందర్భంలో నాసా చేసిన ఒక పని గుర్తు చేసుకోవాలి. 1976లో అంగారకుడి మీద దిగిన వైకింగ్ ఇంజిన్లకు బలాన్ని సర్దుకునే గుణం ఉండేది. 36 ఏళ్ల తర్వాత క్యూరియాసిటీకి అలాంటివి కావాల్సి వస్తే ఆ పాత నమూనానే బయటికి తీసి కొత్తగా మలిచారు. నేల మట్టిని చిమ్మకుండా వైకింగ్ ఇంజిన్‌కు 18 చిన్న నాజిల్స్ పెట్టారు. క్యూరియాసిటీలో ఇంజిన్లు పైన ఆగి రోవర్‌ను తాళ్లతో కిందికి దించుతాయి కాబట్టి ఒక్క నాజిల్ చాలింది. ఏది ఉంచాలి, ఏది తియ్యాలి అన్న ఎరుక ఇది.

చంద్రయాన్-2లో ఆ ఎరుక తగ్గిందని చెప్పక తప్పదు. మొదట నాలుగు ఇంజిన్లే అనుకున్నారు. తర్వాత పనిభారం మారి మధ్యలో ఐదోది చేర్చారు. 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున విక్రమ్ దిగుతున్నప్పుడు ఇంజిన్లు అనుకున్నదానికన్నా ఎక్కువ బలం ఇచ్చాయని, లెక్కలో తేడాలు పోగుపడ్డాయని, వాటిని దిద్దుకోవడానికి నౌక తగినంత వేగంగా తిరగలేకపోయిందని 2023లో ఇస్రో ఛైర్మన్‌గా ఉన్న సోమనాథ్ వివరించారు. దిగాల్సిన చోటు అర కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు. అంత ఇరుకు చోటు కోసం తంటాలు పడి కూలిపోయింది. చంద్రయాన్-3లో మధ్య ఇంజిన్‌ను తీసేశారు. దిగే చోటును 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు విక్రమ్ దిగింది. 11 రోజుల తర్వాత ఇంజిన్లను మళ్లీ వెలిగించి 40 సెంటీమీటర్లు ఎగిరి పక్కన కూర్చుంది. ఈ చివరి ముక్కకు రావలసినంత పేరు రాలేదు. చంద్రుడి ఎండలో, దుమ్ములో అన్నాళ్లు కూర్చున్న ఇంజిన్ మళ్లీ వెలుగుతుందన్న సంగతి, రేపు అక్కడి మట్టిని తిరిగి తేవాలనుకునేవాళ్లకు చాలా విలువైనది.

విక్రమ్‌ను మోసుకెళ్లిన ప్రొపల్షన్ మాడ్యూల్‌లో ఉన్నది మాత్రం అసలు సిసలు లామ్. పని అయిపోయాక దానిలో వంద కిలోలకు పైగా ఇంధనం మిగిలింది. ఊరికే పోనివ్వడమెందుకని 2023 అక్టోబరు 13న చంద్రుణ్ణి వదిలే దారి పట్టించి మళ్లీ భూమి కక్ష్యకు తెచ్చారు. అదే రోజు అమెరికాలో ఇంకో అరువు ఇంజిన్ ప్రయాణం కట్టింది. సైకీ అనే నౌక, అదే పేరున్న గ్రహశకలానికి బయల్దేరింది. దానివి మంటతో పనిలేని హాల్ థ్రస్టర్లు. జినాన్ వాయువును విద్యుత్‌తో ఆవేశపరచి వెనక్కి విసిరి, ఆ నెట్టుతో ముందుకు సాగుతాయి. నాలుగు థ్రస్టర్లున్నా ఒకసారికి ఒకటే పనిచేస్తుంది. దాని బలం ఒక న్యూటన్‌లో నాలుగో వంతుకు మించదు. కానీ నెలల తరబడి ఆగకుండా నెడుతుంది.

ఈ విద్యుత్ థ్రస్టర్ల చరిత్ర కూడా అరువుల చరిత్రే. సోవియట్ యూనియన్ 1971 డిసెంబరులో మిటియోర్ వాతావరణ ఉపగ్రహంలో హాల్ థ్రస్టర్లను తొలిసారి ఎగరేసింది. సమాచార ఉపగ్రహాలను వాటి చోటు నుంచి కదలకుండా నిలపడం ఈ థ్రస్టర్లకు కులవృత్తి అయింది. యూరప్ అలాంటి థ్రస్టర్‌నే 2003లో స్మార్ట్-1కు పెట్టి, 82 కిలోల జినాన్‌తో చంద్రుడి దాకా వెళ్లింది. కొన్నిసార్లు ఆపద కూడా వీటికి కొత్త ఉద్యోగం ఇచ్చింది. 2001లో యూరప్ సమాచార ఉపగ్రహం ఆర్టెమిస్‌ను ఏరియాన్-5 తక్కువ కక్ష్యలో వదిలేస్తే, చోటు నిలబెట్టుకోవడానికి ఉంచిన అయాన్ థ్రస్టర్లు (ఇవీ విద్యుత్‌తో నడిచేవే) నెలల తరబడి నెట్టి దాన్ని పైకి చేర్చాయి. 2010లో అమెరికా సైనిక ఉపగ్రహం ఏఈహెచ్‌ఎఫ్-1 అపోజీ ఇంజిన్ వెలగకపోతే, హాల్ థ్రస్టర్లు 14 నెలలు కష్టపడి గమ్యం చేర్చాయి.

సైకీకి వాడిన ఎస్‌పీటీ-140 థ్రస్టర్లు రష్యాలోని కాలినిన్‌గ్రాడ్‌లో ఫాకెల్ సంస్థ చేసినవి. భూస్థిర ఉపగ్రహాల కోసం పుట్టినవి. భూమి దగ్గర సూర్యకాంతి ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, వాటికి 4.5 కిలోవాట్ల కరెంటు పుష్కలంగా అందుతుంది. గ్రహశకలాల దగ్గర ఎండ పలచబడుతుంది. అందుకని కిలోవాటు కన్నా తక్కువ కరెంటుతో కూడా అది నిలకడగా పనిచేస్తుందా అని కొత్తగా పరీక్షించి చూశాకే పంపారు. మార్స్ అబ్జర్వర్ వాళ్లు వేసుకోని ప్రశ్నను వీళ్లు వేసుకున్నారు: పాత ఉద్యోగంలో లేనిదీ, కొత్త ఉద్యోగంలో ఉన్నదీ ఏమిటి? అయినా 2025 ఏప్రిల్‌లో జినాన్ గొట్టంలో పీడనం పడిపోయింది. కారణం వెదికితే మళ్లీ ఒక వాల్వే. ప్రత్యామ్నాయ గొట్టం ఉంది కాబట్టి దానికి మారి ప్రయాణం కొనసాగించారు.

అదే ఏడాది మన దగ్గరా వాల్వే అడ్డం పడింది. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి వందో ప్రయోగంగా జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15, ఎన్‌వీఎస్-02 నావిగేషన్ ఉపగ్రహాన్ని మోసుకెళ్లింది. రాకెట్టు తన పని తాను చేసింది. ఉపగ్రహంలో ఆక్సిడైజర్‌ను వదిలే వాల్వులు తెరుచుకోలేదు. లామ్ వెలగలేదు. ముప్పై ఏళ్లకు పైగా చేసిన పని, కొత్త ప్రయాణమేమీ కాదు, పుట్టిన పనే. అనుకున్న కక్ష్య అందలేదు.

ఈ నేపథ్యంలోనే గగన్‌యాన్‌ను చూడాలి. వ్యోమగాములుండే గదికి వెనక జోడించే సర్వీస్ మాడ్యూల్‌లో ఐదు లామ్‌లు, 100 న్యూటన్ల థ్రస్టర్లు 16 ఉంటాయి. కక్ష్య పెంచేది లామ్‌లే. తిరుగు ప్రయాణంలో వేగం తగ్గించి మనుషులను భూమి వైపు మళ్లించేదీ అవే. తమిళనాడు మహేంద్రగిరిలో ఈ వ్యవస్థను 25 సార్లు, మొత్తం 14,331 సెకన్లపాటు మండించి పరీక్షించారు. 2025 జూలై 11న 350 సెకన్ల పరీక్షతో ఆ అంకం ముగిసింది. ఐదు పెట్టడం వెనక ఒకటి మొరాయించినా మిగతావి ఆదుకోవాలన్న ఆలోచన కనిపిస్తూనే ఉంది. ఇది సరైన దారే. కానీ ఈ వ్యాసంలో చెప్పిన వైఫల్యాల్లో చాలావాటికి మూలం ఇంజిన్ కాదు. ఐదు ఇంజిన్లకూ వెనక ఉన్న హీలియం గొట్టాలు, వాల్వులు, వాటిని తెరిచే విద్యుత్ తీగలు. ఇంజిన్లను ఐదుకు పెంచినంత శ్రద్ధ వాటి మీదా పెట్టారని జనానికి నమ్మకం కలగాలి.

ఆ నమ్మకం ఎలా కలుగుతుంది? మార్స్ అబ్జర్వర్ పోయిన ఐదు నెలలకే విచారణ నివేదిక బయటికొచ్చింది. చదవదలచిన ప్రతివాడూ చదివాడు, చదివినవాళ్లలో మంగళయాన్ కట్టినవాళ్లూ ఉన్నారనుకోవడానికి ఆ అదనపు వాల్వులే సాక్ష్యం. చంద్రయాన్-2 ల్యాండర్ ఎందుకు కూలిందో పార్లమెంటుకు ఇచ్చిన సమాధానం మాత్రం, దిగేటప్పుడు వేగం తగ్గుదల నిర్దేశించినదానికన్నా ఎక్కువైందన్న నాలుగు ముక్కలతో సరిపోయింది. సోమనాథ్ నోటి నుంచి అసలు వివరం రావడానికి ఇంచుమించు నాలుగేళ్లు పట్టింది. పూర్తి నివేదిక ఇప్పటికీ ప్రజల ముందుకు రాలేదు. మనుషులు ఎక్కే నౌక బయల్దేరకముందే ఇస్రో దాన్ని బయటపెట్టాలి.